‘కొన్ని’ అంటే ఎన్ని? సిలాజిజం నాకు అర్థమైన తీరు

బ్యాంకు పరీక్షల కోసం నంద్యాలలో ఏడాదిన్నర ఉన్నాను. మొదటిసారి రాసిన పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ప్రిలిమ్స్, అంటే మొదటి దశ పరీక్ష, పోయింది. పోయింది ఇంగ్లీషులో అనుకున్నారు ఇంట్లో అందరూ, పదో తరగతి దాకా తెలుగు మీడియం కదా అని. కాదు, రీజనింగ్‌లో. 20 నిమిషాల్లో 35 ప్రశ్నలు, అంటే ఒక్కో ప్రశ్నకు 34 సెకన్లు, తప్పు పెడితే పావు మార్కు కోత. మిగతా రెండు సెక్షన్లలో కటాఫ్ దాటాను, ఇందులో దాటలేదు. సెక్షన్ కటాఫ్ ఒక్కటి తప్పినా మొత్తం పోయినట్టే కదా.

ఫలితాలొచ్చాక ఓ వారం పుస్తకం ముట్టలేదు. తర్వాత పాత మాక్ టెస్టులన్నీ ముందేసుకుని ఏ టాపిక్‌లో ఎన్ని తప్పులు పోయాయో నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను. పజిల్స్‌లో తప్పులు తక్కువే, అక్కడ టైం చాలక వదిలేసినవే ఎక్కువ. సీటింగ్ (ఎవరు ఎక్కడ కూర్చున్నారో తేల్చే ప్రశ్నలు) కూడా అంతే. సిలాజిజంలో, అంటే రెండు మూడు వాక్యాలిచ్చి వాటి నుంచి ఏ తీర్మానం తప్పక వస్తుందో (‘ఫాలో అవుతుందో’) అడిగే ప్రశ్నల్లో మాత్రం, ఒక్కటి కూడా వదల్లేదు, అన్నీ చేశాను, దాదాపు సగం తప్పు చేశాను. అదీ ధైర్యంగా, పది పదిహేను సెకన్లలో, డౌటే లేకుండా. అందరూ ఫ్రీ మార్కులు అనుకునే టాపిక్ అది. నేను అక్కడ సగం మార్కులు వదులుకోవడమే కాక, వచ్చినవాటిలోనూ కోత పెట్టించుకుంటున్నాను. అది చూశాక నిజంగా ఏడుపొచ్చింది.

రూల్స్ రావా అంటే వచ్చు. కోచింగ్‌లో మొదటి నెలలోనే అందరం బట్టీ పట్టాం: ఆల్ ప్లస్ ఆల్ ఆల్, ఆల్ ప్లస్ నో నో, సమ్ ప్లస్ ఆల్ సమ్, సమ్ ప్లస్ నో సమ్ నాట్. ఆల్ అంటే అన్నీ, నో అంటే ఏదీ కాదు, సమ్ అంటే కొన్ని, సమ్ నాట్ అంటే కొన్ని కావు; రెండు వాక్యాలు కలిస్తే ఏం వస్తుందో చెప్పే రూల్స్ ఇవి. ఎక్కాల్లా నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మరి తప్పు ఎక్కడ పోతోంది? ఇది తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. నాలాగా ఇదే చోట ఇరుక్కున్నవాళ్ళు ఇంకా ఉంటారని ఇంత వివరంగా రాస్తున్నాను.

నా రూమ్మేట్ ఒకామె ఉండేది, ఆదోని వైపు నుంచి వచ్చింది, నాకంటే మూడేళ్ళు పెద్ద. అక్కా అనే పిలిచేదాన్ని. ఒకరోజు సాయంత్రం ఇద్దరం మంచం మీద కూర్చుని ఉడకబెట్టిన శనక్కాయలు వలుచుకుని తింటున్నాం. నేను ఆ రోజు మాక్ టెస్టులో తప్పుపోయిన ప్రశ్న చూపించి, కొన్ని పెన్నులు పుస్తకాలు అన్నాడంటే కొన్ని పెన్నులు పుస్తకాలు కావనే కదా అర్థం, ఇది ఎందుకు ఫాలో అవ్వదంటున్నాడు అని వాదిస్తున్నాను. అక్క ఏం మాట్లాడలేదు. పక్కన పేపర్ ముక్కలో తను ఏరి పడేస్తున్న గింజల్ని పొట్లం కట్టి నా చేతిలో పెట్టి, "ఇందులో కొన్ని పుచ్చు గింజలున్నాయి" అంది.

విప్పాను. ఒక గింజ చూశాను, నల్లగా ఉంది. రెండోది, అదీ నలుపే. మూడోది పురుగు తిన్నది. అన్నీ అవే, మంచిది ఒక్కటి కూడా లేదు.

"అన్నీ పుచ్చువే కదక్కా, కొన్ని అన్నావేంది?"

"నేను చెప్పిన మాట అబద్ధమా? కొన్ని పుచ్చువి ఉన్నాయా లేదా?"

"ఉన్నాయి గానీ..."

"మిగిలినవి బాగున్నాయని నేను యాడన్నా? అది నువ్వు కలుపుకున్నావు."

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. అది నువ్వు కలుపుకున్నావు. మనం రోజూ మాట్లాడుకునేటప్పుడు ఇలా కలుపుకునే వింటాం, అలా వినడం తప్పు కూడా కాదు. పెళ్ళికి కొందరు చుట్టాలొచ్చారు అని అమ్మ ఫోన్లో చెబితే, అందరూ రాలేదన్నమాట అనుకుంటాం, ఎందుకంటే అందరూ వచ్చుంటే అమ్మ అందరూ వచ్చారనే చెప్పేది. చెప్పే మనిషి తనకు తెలిసినదంతా చెబుతుందన్న నమ్మకం మీద మాటలు నడుస్తాయి. పరీక్ష పేపర్‌కు ఆ నమ్మకం వర్తించదు. పేపర్‌లో వాక్యం పొట్లం మీద రాసిన చీటీ లాంటిది, చీటీ మీద ఎంత రాసి ఉందో అంతవరకే పూచీ. సమ్ అంటే కనీసం ఒకటి. ఒకటి కావచ్చు, సగం కావచ్చు, మొత్తం కూడా కావచ్చు. ఈ ‘మొత్తం కూడా కావచ్చు’ అన్నది నా బుర్రలో దిగడానికి పొట్లం విప్పాల్సి వచ్చింది.

ఇది అర్థమైందని సంబరపడి రెండు వారాలు గడిచాయో లేదో ఇంకో గుంట. ఓన్లీ ఎ ఫ్యూ. ఈమధ్య కొన్నేళ్ళుగా బ్యాంకు పరీక్షల్లో ఇది బాగా అడుగుతున్నారు. సమ్ అంటే అన్నీ కూడా కావచ్చని కొత్తగా నేర్చుకున్నాను కదా, ఆ ఊపులో ఓన్లీ ఎ ఫ్యూ వచ్చినప్పుడు కూడా అలాగే అనుకుని పాసిబిలిటీ ప్రశ్నలన్నిటికీ, అంటే ఫలానాది అయ్యే వీలుందా అని అడిగేవాటికి, అవునని పెట్టాను. అన్నీ తప్పు. ఇక్కడ ఆ ‘ఓన్లీ’ ఊరికే లేదు. కొన్ని పెన్నులే పుస్తకాలు అంటే రెండు మాటలు ఒకేసారి చెబుతున్నాడు: కొన్ని పెన్నులు పుస్తకాలు, కొన్ని పెన్నులు పుస్తకాలు కావు. రోజువారీ మాటల్లో మనం సమ్‌కి కలుపుకునేది ఏదైతే ఉందో, దాన్ని ఇక్కడ వాడే నోరు తెరిచి చెప్పాడు. కాబట్టి పెన్నులన్నీ పుస్తకాలయ్యే వీలుందా అంటే లేదు, ఆ దారి మూసేశాడు. అయితే పుస్తకాలన్నీ పెన్నులయ్యే వీలుందా? ఉంది. ఆ వైపు నుంచి ఆయన ఏమీ అనలేదు. ఈ రెండోది నాకు ఎన్నిసార్లు తప్పుపోయిందో లెక్కలేదు, ఎందుకంటే ఆ తప్పులు పోయాక ఓన్లీ అన్న మాట చూడగానే రెండు వైపులా తలుపు వేసేసేదాన్ని. ఇంకా ఓన్లీ ఒక్కటే వచ్చి ఫ్యూ లేకపోతే, అంటే పెన్నులు మాత్రమే పుస్తకాలు అంటే, అది పుస్తకాలన్నీ పెన్నులే అని తిరగేసి చదువుకోవాలి. ఎ ఫ్యూ మాత్రమే ఉండి ఓన్లీ లేకపోతే మామూలు సమ్. ఒక చిన్న మాట ఉందా లేదా అన్నదాని మీద వాక్యం మొత్తం మారిపోతుంది, 34 సెకన్లలో కన్ను దాని మీద నుంచి జారిపోతుంది. అందుకని ఆ మాటను రఫ్ షీట్ మీద ఎక్కించుకోవడం అలవాటు చేసుకున్నాను, ఓన్లీ ఎ ఫ్యూ కనిపిస్తే రెండు గీతలు, సమ్ కనిపిస్తే ఒక గీత.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. గ్రామీణ బ్యాంకుల పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు కాబట్టి మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇంగ్లీషు ప్రశ్నల్ని తెలుగులోకి మార్చి మా అందరికీ రాసిచ్చేది. అందులో ఒకచోట ‘అన్ని పెన్నులు పుస్తకాలు కావు’ అని రాసింది. సగం మంది దీన్ని ఒక్క పెన్నూ పుస్తకం కాదు అని చదివారు, సగం మంది కొన్ని పెన్నులు పుస్తకాలు కావు అని చదివారు. పెద్ద గొడవ. నాకు అప్పుడు మా అవ్వ మాట గుర్తొచ్చింది, తెల్లనివన్నీ పాలు కావు. ఈ సామెత విన్న మనిషి ఎవరైనా తెల్లగా ఉన్నది ఏదీ పాలు కాదని అనుకుంటుందా? తెల్లగా ఉన్నవాటిలో పాలు కానివీ ఉన్నాయి, సున్నం నీళ్ళు కూడా తెల్లగానే ఉంటాయి, అంతే కదా. ఏదీ కాదు అని చెప్పాలంటే తెలుగులో ‘ఏ పెన్నూ పుస్తకం కాదు’ అంటాం. ‘అందరూ రాలేదు’, ‘ఎవరూ రాలేదు’ రెండూ ఒకటి కావు. అప్పటి నుంచి నో వచ్చినప్పుడల్లా మనసులో ‘ఏ... కాదు’ అనీ, సమ్ నాట్ వచ్చినప్పుడల్లా ‘అన్నీ... కావు’ అనీ చదువుకోవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు వాక్యం మీద కూడా ఇదే పని చేసింది.

తిరగేయడం, అంటే వాక్యంలోని రెండు గుంపుల్ని అటూ ఇటూ మార్చడం దగ్గరికొద్దాం. నా తప్పుల్లో సగం ఇక్కడివే. ఆల్ ని తిరగేసి మళ్ళీ ఆల్ అనేసేదాన్ని. మా ఊళ్ళో మా ఇంటికి రెండిళ్ళ అవతల రిటైరైన సంస్కృతం మాస్టారు ఒకాయన ఉంటారు. పండక్కి ఇంటికెళ్ళినప్పుడు ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే ఇది చెప్పాను. ఆయన వెంటనే నిప్పు లేనిదే పొగ రాదు అంటారు కదా, మరి పొగ లేని నిప్పు ఉంటుందా ఉండదా అని అడిగారు. ఆలోచించాను. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండు, దాన్లో నిప్పు ఉంది, పొగ లేదు. మన తర్కశాస్త్రంలో ఈ కాలిన ఇనుప గుండే ఉదాహరణగా చెబుతారట. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని చెప్పొచ్చు. నిప్పుంది కాబట్టి పొగ ఉండి తీరాలని చెప్పకూడదు. వందల ఏళ్ళ కిందట మనవాళ్ళు పిల్లలకు చెప్పిన పాఠం, నేను ఫీజు కట్టి నేర్చుకుంటున్న పాఠం ఒకటేనని తెలిసి చాలా సంతోషమేసింది. పొగ ఉన్న చోటల్లా నిప్పు. దీన్ని తిరగేస్తే వచ్చేది నిప్పు ఉన్న ‘కొన్ని’ చోట్ల పొగ, అంతకంటే ఒక్క చెంచా ఎక్కువ రాదు. సమ్ ని, నో ని మాత్రం ఎటు తిప్పినా అదే. సమ్ నాట్ ని అసలు తిప్పకూడదు: కొన్ని జంతువులు పిల్లులు కావు అన్నది నిజం, కొన్ని పిల్లులు జంతువులు కావు అంటే ఎంత తప్పో చూడండి.

ఈ పిల్లులూ జంతువుల దారి పట్టుకున్నాకే మిగతా రూల్స్ కూడా నిలబడ్డాయి. ఆల్ ప్లస్ సమ్ ఏమీ రాదు అని బట్టీ పట్టిందాన్ని పరీక్షలో సమ్ ప్లస్ ఆల్‌తో కలిపేసుకునేదాన్ని. ఇప్పుడు ఇలా అనుకుంటాను: మామిడికాయలన్నీ పుల్లగా ఉంటాయి, పుల్లగా ఉన్నవాటిలో కొన్ని చింతకాయలు, మరి కొన్ని మామిడికాయలు చింతకాయలా? నవ్వొస్తుంది, అంటే జవాబు వచ్చేసినట్టే. మధ్యలో ఉన్న ‘పుల్లనివి’ అన్న గుంపు పెద్దది, మామిడికాయలు ఒక మూల ఉండొచ్చు, చింతకాయలు ఇంకో మూల ఉండొచ్చు, రెండూ కలిసి తీరాలని ఎవరూ చెప్పలేదు. అదే సమ్ ముందొచ్చి ఆల్ తర్వాత వస్తే, కొన్ని కాయలు మామిడికాయలు, మామిడికాయలన్నీ పుల్లనివి, కాబట్టి కొన్ని కాయలు పుల్లనివి, ఇది తప్పించుకోలేనిది. అయితే పేపర్‌లో ఇలాంటి ప్రపంచంలో ఉన్న విషయాలు ఇవ్వరు, పెన్నులన్నీ పిల్లులు, కొన్ని పిల్లులు కుర్చీలు అని ఇస్తారు. అది మనల్ని ఏడిపించడానికి కాదని ఇప్పుడు తెలుస్తోంది. తెలిసిన విషయం మీద అడిగితే మనం వాక్యం చదవం, మనకు తెలిసిందే రాసేస్తాం. అందుకే నేను ముందు పేపర్‌లోని వాక్యం ఆకారం పట్టుకుని, ఆ ఆకారంలోకి నాకు తెలిసిన వస్తువులు పోసి, తీర్మానం నిలబడుతుందా కూలుతుందా చూసుకుని, మళ్ళీ పేపర్‌కు వచ్చేదాన్ని. మొదట్లో నిమిషంన్నర పట్టేది ఒక్కోదానికి. నలభై రోజుల తర్వాత వస్తువులతో పని లేకుండా పోయింది.

ఇక బొమ్మలు. వృత్తాలు గీయడం అందరికీ వచ్చు, మా సార్ కూడా అదే చెప్పారు, నేనూ గీసేదాన్ని. ఒక బొమ్మ గీసి, ఆ బొమ్మలో ఏం కనిపిస్తే అది నిజమని పెట్టేసేదాన్ని. ఉదాహరణకు కొన్ని ఎ లు బి లు, కొన్ని బి లు సి లు అని ఇస్తే మూడు వృత్తాలు గొలుసులా గీస్తాను కదా, అందులో ఎ కి సి కి మధ్య ఖాళీ కనిపిస్తుంది, కాబట్టి ఏ ఎ కూడా సి కాదు అన్నది ఫాలో అవుతుందని టిక్ పెట్టేదాన్ని. ఆ ఖాళీ నేను గీసింది. వాక్యంలో లేదు. మళ్ళీ అదే, నేను కలుపుకున్నది.

మా సార్‌ని ఒకరోజు క్లాసయ్యాక పట్టుకుని ఇది అడిగితే ఆయన ఒకే మాట చెప్పారు: బొమ్మ గీసింది తీర్మానాన్ని నిరూపించడానికి కాదమ్మా, కూల్చడానికి. వాక్యాలన్నీ నిజంగా ఉంటూనే తీర్మానం అబద్ధమయ్యే బొమ్మ ఒక్కటి గీయగలిగావా, అది ఫాలో అవ్వదు, అక్కడితో వదిలెయ్. ఎంత తిప్పలు పడ్డా గీయలేకపోయావా, అప్పుడు ఫాలో అవుతుంది. పాసిబిలిటీ ప్రశ్న దీనికి పూర్తిగా ఎదురు, అక్కడ కూల్చే బొమ్మ కాదు, నిలబెట్టే బొమ్మ ఒక్కటి దొరికితే చాలు. నాకు ఇన్నాళ్ళూ ఈ రెండు ప్రశ్నలు వేరువేరని ఎవరూ చెప్పలేదో, చెబితే నేను వినలేదో గానీ, ఆ రోజు నుంచి తీర్మానం చదవగానే ముందు ఒకటే చూసుకునేదాన్ని, వీడు ‘తీరాలి’ అంటున్నాడా, ‘వీలుంది’ అంటున్నాడా అని. ఒకదానికి కూల్చాలి, ఒకదానికి కట్టాలి.

ఐదర్ ఆర్, అంటే రెండిట్లో ఏదో ఒకటి తప్పదు అన్న జవాబు, అది కూడా దీంతోనే తేలిపోయింది. రెండు తీర్మానాలు ఇస్తాడు, కొన్ని ఎ లు సి లు, ఏ ఎ కూడా సి కాదు. రెండిటినీ విడివిడిగా కూల్చే బొమ్మలు దొరుకుతాయి, కాబట్టి ఏదీ ఫాలో అవ్వదని వెళ్ళిపోయేదాన్ని. కానీ రెండిటినీ ఒకేసారి కూల్చే బొమ్మ గీయగలమా? గీయలేం. ఒక్క ఎ అయినా సి లో ఉండాలి, లేదా ఒక్కటి కూడా ఉండకూడదు, మూడో దారి లేదు. అందుకే రెండిట్లో ఏదో ఒకటి. అన్నీ ఎ లు సి లు, కొన్ని ఎ లు సి లు కావు అన్న జతకూ ఇదే.

మా మేనమామ కూతురు అమెరికాలో లా కాలేజీలో చేరడానికి ఎల్‌శాట్ రాస్తోంది. ఒక ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటుంటే తనకూ ఇదే గోల అని తెలిసింది, అక్కడ మోస్ట్ అన్నది ఎక్కువ అడుగుతారట. మాకు క్లాసులో మోస్ట్ వస్తే సమ్ గానే తీసుకోమన్నారు. అది మా పేపర్ వరకు సరిపోతుంది గానీ మోస్ట్‌లో ఇంకాస్త సరుకుంది. 60 మంది ఉన్న క్లాసులో ఎక్కువమందికి క్రికెట్ ఇష్టం, అంటే కనీసం 31 మంది. ఎక్కువమందికి సినిమా ఇష్టం, మళ్ళీ కనీసం 31. రెండూ కలిపితే 62, క్లాసులో ఉన్నదేమో 60, కాబట్టి కనీసం ఇద్దరికి రెండూ ఇష్టం అయి తీరాలి. రెండు సమ్‌లు కలిపితే ఏమీ రాదు, ఒకే గుంపు గురించి చెప్పిన రెండు మోస్ట్‌లు కలిపితే సమ్ వస్తుంది. ఫోన్లోనే లెక్క వేసి చూసుకుని ఇద్దరం చాలాసేపు ఉత్సాహంగా మాట్లాడుకున్నాం. తనకు కూడా మోస్ట్‌లో అందరూ ఉండొచ్చన్నది మొదట్లో మింగుడు పడలేదట.

ఆ నలభై రోజులు నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. రోజుకు పది ప్రశ్నలు, టైం పెట్టుకోకుండా. తప్పుపోయిన ప్రతిదాని కిందా ఒక వాక్యం రాసుకున్నాను, నేను ఏం కలుపుకున్నానో. ‘కొన్ని అనగానే మిగిలినవి కావు అని కలుపుకున్నాను.’ ‘బొమ్మలో ఖాళీని నిజం అనుకున్నాను.’ ‘ఓన్లీ చూడలేదు.’ నోట్‌బుక్ మొత్తం తిరగేస్తే ఇవే నాలుగైదు వాక్యాలు మళ్ళీ మళ్ళీ ఉన్నాయి. వందల తప్పులు అనుకున్నవి నిజానికి నాలుగైదే. ఆ విషయం తెలిసిన రోజు రాత్రి హాయిగా నిద్రపట్టింది. టైమర్ పెట్టుకోవడం చివరి పది రోజుల్లోనే. తొందరపడి మొదటి రోజు నుంచే టైమర్ పెట్టడం నా మొదటి ఏడాది చేసిన పెద్ద పొరపాటని ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది, తప్పు దారిలో వేగం పెంచుకున్నాను.

రెండోసారి పరీక్ష కర్నూలులో పడింది. రీజనింగ్ మొదలవగానే చేతులు చల్లబడ్డాయి, టెన్షన్ అలాగే ఉంది, అదేం పోలేదు. సిలాజిజం ప్రశ్నలు నాలుగొచ్చాయి. మూడు చేశాను. నాలుగోదాంట్లో కూల్చే బొమ్మ దొరికిందో లేదో తేల్చుకోలేక వదిలేసి ముందుకెళ్ళాను. ఆ వదిలేయడం కూడా నాకు కొత్తే. ప్రిలిమ్స్ దాటాను, సెక్షన్ కటాఫ్ దాటి. మెయిన్స్ ఇంకా ఉంది, అక్కడి రీజనింగ్ వేరే లోకం.

ఇప్పుడు అక్క వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉంది, అప్పుడప్పుడు వాట్సాప్‌లో ప్రశ్న పంపుతుంది. మొన్న పంపింది ఇది: కొన్ని చీరలు మాత్రమే పట్టువి. పట్టువన్నీ ఖరీదైనవి. ఖరీదైనది ఏదీ నూలుది కాదు. చీరలన్నీ ఖరీదైనవి అయ్యే వీలుందా? కొన్ని చీరలు నూలువి కావు అన్నది తీరాలా? చీరలన్నీ నూలువి అయ్యే వీలుందా?

మొదటిదానికి వీలుంది, పట్టువి కాని చీరలు ఖరీదైనవి కాకూడదని ఎక్కడా లేదు. రెండోది తీరాలి, పట్టు చీరలు కొన్ని ఉన్నాయి, అవి ఖరీదైనవి, కాబట్టి నూలువి కావు. అదే చీరల వల్ల మూడోదానికి వీల్లేదు. జవాబులు పంపాను. ‘మొదటిదానికి ఎంతసేపు పట్టింది?’ అని అడిగింది. నలభై సెకన్లు అని నిజమే చెప్పాను.